ఇల్లు వదిలి ఏడు రోజులు ఆకుల పందిట్లోనే.. యూదుల 'సుక్కోత్' పండుగ కథేంటి?

పంట చేతికొచ్చింది. గాదెలు నిండాయి. ఇంట్లో హాయిగా కూర్చుని పండుగ చేసుకోవాల్సిన టైమ్ ఇది. కానీ యూదులు సరిగ్గా ఇప్పుడే గట్టి ఇల్లు వదిలేసి, పెరట్లోనో బాల్కనీలోనో ఆకులతో వేసిన పందిట్లోకి మారిపోతారు. ఒకటీ రెండూ కాదు.. ఏకంగా ఏడు రోజులు. భోజనం అక్కడే, కబుర్లు అక్కడే, వీలైతే నిద్ర కూడా అక్కడే.

ఆ పండుగ పేరే సుక్కోత్. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఇది 'పర్ణశాలల పండుగ'గా తెలుసు. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లు, ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేసే మనవాళ్లు అయితే ఈ పందిళ్లను కళ్లారా చూసే ఉంటారు.

మరి పక్కా ఇల్లు ఉండగా పందిరి ఎందుకు? అందులోకి అతిథుల్ని పిలవడం ఎందుకంత ముఖ్యం? పందిరి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఎవరు? వివరంగా చూద్దాం.

సుక్కోత్ ఎప్పుడు వస్తుంది?

యూదుల క్యాలెండర్‌లో తిష్రీ అనే నెల 15వ తేదీన ఈ పండుగ మొదలవుతుంది. అంటే పౌర్ణమి రోజు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపుగా భాద్రపద పౌర్ణమి లేదా ఆశ్వయుజ పౌర్ణమికి వస్తుంది. మనకు అధిక మాసం ఉన్నట్టే వాళ్లకూ ఉంది. 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల అదనంగా కలుపుతారు. అందుకే ఇంగ్లీష్ తేదీల్లో ఈ పండుగ ఒక ఏడాది సెప్టెంబర్‌లో, ఇంకో ఏడాది అక్టోబర్‌లో పడుతుంది. ఇంకో విషయం.. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి పండుగ కూడా ముందు రోజు సాయంత్రమే వచ్చేస్తుంది.

దీనికి ఐదు రోజుల ముందే యోమ్ కిప్పూర్ ఉంటుంది. అది ప్రాయశ్చిత్త దినం. రోజంతా ఉపవాసం, ప్రార్థనలు. ఆ రాత్రి ఉపవాసం ముగియగానే చాలా ఇళ్లలో చేసే మొదటి పని ఏంటో తెలుసా? సుత్తి పట్టుకుని పందిరికి తొలి మేకు కొట్టడం. కన్నీళ్ల పండుగ అయిపోయింది, సంతోషాల పండుగ మొదలైంది అన్నమాట. ప్రార్థనల్లో కూడా సుక్కోత్‌ను 'మన సంతోష కాలం' అనే పిలుస్తారు.

పందిరే ఎందుకు?

దీనికి రెండు కారణాలు చెబుతారు.

మొదటిది పంట. ఇజ్రాయెల్ ప్రాంతంలో ఇది ద్రాక్ష, ఒలీవ, ఖర్జూరం, దానిమ్మ లాంటివి చేతికొచ్చే కాలం. నిర్గమకాండంలో దీన్ని పంట కూర్చుకునే పండుగ అనే చెప్పారు. మన చేలల్లో మంచె వేసుకున్నట్టే, అక్కడి రైతులు కోతల టైమ్‌లో తోటల దగ్గర గుడిసెలు వేసుకునేవాళ్లు. పందిరి ఆచారం అక్కడి నుంచే వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం.

రెండోది చరిత్ర. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డాక ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు ఎడారిలో తిరిగారని బైబిల్ చెబుతుంది. అప్పుడు వాళ్లకు సొంత ఇల్లు లేదు, పొలం లేదు. పర్ణశాలల్లోనే ఉన్నారు. ఆ సంగతి తర్వాతి తరాలకు తెలియాలి కాబట్టి ఏటా ఏడు రోజులు పర్ణశాలల్లో ఉండాలన్నది లేవీయకాండం 23వ అధ్యాయంలోని ఆజ్ఞ.

ఈ రెండూ కలిపి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఇల్లు లేని రోజుల్ని గుర్తుచేసుకోమన్నది కష్టకాలంలో కాదు. గాదెలు నిండిన టైమ్‌లో. చేతిలో అంతా ఉన్నప్పుడే 'ఇదంతా నా సొంత బలం' అనిపించే ప్రమాదం ఎక్కువ కదా!

పందిరికీ రూల్స్ ఉన్నాయ్

హీబ్రూలో ఒక పందిరిని 'సుక్కా' అంటారు. బహువచనమే సుక్కోత్. దీన్ని ఇష్టమొచ్చినట్టు వేస్తే కుదరదు. గోడలు దేనితోనైనా కట్టొచ్చు. ప్లైవుడ్, గుడ్డ, తడికె.. ఏదైనా ఓకే. ఎత్తు మాత్రం పది బెత్తెలకు తగ్గకూడదు, ఇరవై మూరలకు మించకూడదు. ఇరవై మూరలంటే సుమారు 9 మీటర్లు. అంతకన్నా ఎత్తైతే అది తాత్కాలిక పందిరి అనిపించుకోదు.

అసలు కిటుకంతా పైకప్పులోనే ఉంది. అది నేలలో పెరిగినదై ఉండాలి. చెట్టు నుంచి కోసినదై ఉండాలి. ఖర్జూరపు మట్టలు, వెదురు, దేవదారు కొమ్మలు లాంటివి వాడతారు. రేకు, ప్లాస్టిక్ షీట్ పనికిరావు. లోపల ఎండ కన్నా నీడే ఎక్కువ ఉండాలి. అలాగని మరీ దట్టంగా కప్పేయకూడదు. రాత్రి పూట తలెత్తితే నక్షత్రాలు కనిపించేలా ఉండడం మంచిదంటారు. మన పల్లెల యాసలో సుక్క అంటే చుక్కే. ఆ హీబ్రూ మాటకూ దీనికీ చుట్టరికం ఏమీ లేదు కానీ.. సుక్కాలోంచి సుక్కలు కనబడాలి అని గుర్తుపెట్టుకోవచ్చు.

పైన ఆకాశం తప్ప ఇంకేదీ ఉండకూడదు. చెట్టు కింద, పై ఫ్లోర్ బాల్కనీ కింద వేస్తే చెల్లదు. అందుకే జెరూసలేంలో భక్తులు ఎక్కువగా ఉండే ఏరియాల్లో కొన్ని అపార్ట్‌మెంట్లను చూస్తే వింతగా ఉంటాయి. బాల్కనీలు ఒకదాని మీద ఒకటి రాకుండా, అటూ ఇటూ జరిపి కడతారు. ప్రతి ఇంటి పందిరికీ ఆకాశం కనబడాలని!

ఇంటిల్లిపాదీ చేయి వేయాల్సిందే

పందిరి కట్టడం ఒక్కరి పని కాదు. పెద్దవాళ్లు కర్రలు బిగిస్తుంటే పిల్లలు రంగు కాగితాలతో గొలుసులు చేస్తారు. స్కూల్లో వేసిన బొమ్మలు తెచ్చి గోడలకు అంటిస్తారు. పైనుంచి దానిమ్మ, ద్రాక్ష, మొక్కజొన్న పొత్తులు వేలాడదీస్తారు. గోధుమ, యవలు, ద్రాక్ష, అత్తి, దానిమ్మ, ఒలీవ, ఖర్జూరం.. ఈ ఏడూ బైబిల్ ప్రకారం ఆ నేల పంటలు. అలంకరణలో వీటికి స్పెషల్ ప్లేస్ ఉంటుంది. కరెంటు దీపాల తోరణాలు, అతుకులేసిన దుప్పట్లు కూడా కనిపిస్తాయి.

మొదటి రోజు పూర్తి సెలవు. ఆ రోజు పని చేయరు. ఇజ్రాయెల్ బయట ఉండే సంప్రదాయ యూదులకు మొదటి రెండు రోజులూ సెలవే. తర్వాతి రోజులు సగం పండుగ, సగం మామూలు రోజులు. ఇజ్రాయెల్‌లో స్కూళ్లకు సెలవులు కాబట్టి కుటుంబాలన్నీ పార్కులకు, చుట్టాల ఇళ్లకు బయల్దేరతాయి. జెరూసలేంలోని పశ్చిమ గోడ దగ్గర పురోహిత వంశీకులు ఇచ్చే సామూహిక ఆశీర్వాదానికి వేలాది మంది వస్తారు. హోటళ్లు కూడా కస్టమర్ల కోసం బయట పందిరి వేస్తాయి.

అతిథి లేకపోతే పండుగే లేదు

సుక్కోత్‌లో అసలు హైలైట్ ఇదే. పందిట్లో ఒంటరిగా కూర్చుని తినేస్తే పండుగ అయిపోయినట్టు కాదు. ద్వితీయోపదేశకాండంలో ఈ పండుగకు ఎవరెవరు సంతోషించాలో లిస్ట్ ఉంది. కొడుకు, కూతురు, ఇంట్లో పనివాళ్లు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు.. అందరూ.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఇంకాస్త గట్టిగానే చెప్పాడు. తలుపులు బిగించుకుని భార్యాపిల్లలతో మాత్రమే తిని తాగేవాడిది దేవుడు చెప్పిన సంతోషం కాదట. అది కేవలం కడుపు సంతోషమేనట!

కనిపించే అతిథులతో పాటు కనిపించని అతిథులు కూడా ఉంటారు. వాళ్లను 'ఉష్‌పిజిన్' అంటారు. అరామిక్ భాషలో అతిథులు అని అర్థం. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, మోషే, అహరోను, యోసేపు, దావీదు.. ఈ ఏడుగురూ రోజుకొకరి చొప్పున ముఖ్య అతిథిగా పందిట్లోకి వస్తారని నమ్మకం. కొందరు వాళ్ల కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. అయితే ఆ పెద్దల వాటా భోజనం నిజానికి పేదలకు చేరాలి. పేదవాడిని పిలవని పందిట్లో ఆ పెద్దలూ నిలవరని యూదుల ఆధ్యాత్మిక గ్రంథం జోహార్ చెబుతుంది. ఈ కాలంలో చాలా కుటుంబాలు శారా, రిబ్కా, రాహేలు, మిర్యాము లాంటి స్త్రీల పేర్లు కూడా కలిపి పిలుస్తున్నాయి.

ఆలోచిస్తే ఇందులో లాజిక్ ఉంది. గట్టి తలుపు, తాళం ఉన్న ఇంట్లోకి రావాలంటే ఎవరికైనా మొహమాటం. ఆకుల పందిట్లోకి రావడానికి మొహమాటం తక్కువ. లోపల ఉన్నవాడూ ఆ వారం సగం బయటే ఉన్నాడు కదా!

మరి ఏం తింటారు?

పండుగ రొట్టె పేరు హల్లా. మామూలుగా దాన్ని ఉప్పులో అద్దుకుని తింటారు. ఈ సీజన్‌లో మాత్రం చాలా ఇళ్లలో తేనెలో అద్దుకుంటారు. ఏడాది తియ్యగా ఉండాలని. పంట సమృద్ధికి గుర్తుగా లోపల కూరిన వంటకాలు ఎక్కువ. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కుటుంబాలు మాంసం, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు వండుతాయి. మధ్యప్రాచ్యం నుంచి వచ్చినవాళ్లు మిరపకాయల్లో, వంకాయల్లో, ద్రాక్షాకుల్లో కూరుతారు. మన గుత్తి వంకాయకు దూరపు చుట్టాలు అనుకోండి. మొరాకో మూలాలున్న ఇళ్లలో కుస్‌కుస్ తప్పనిసరి. అమెరికా, యూరప్‌లో అప్పటికే చలి మొదలవుతుంది కాబట్టి వేడి వేడి సూప్ గిన్నెలు వంటగది నుంచి పందిట్లోకి తిరుగుతూనే ఉంటాయి.

నాలుగు మొక్కలు.. ఒక్క కట్ట

పండుగలో రెండో ముఖ్యమైన ఆచారం నాలుగు రకాల మొక్కల్ని చేతిలో పట్టుకోవడం. ఇంకా విచ్చుకోని ఖర్జూరపు మొవ్వు ఒకటి, మిర్టిల్ అనే సువాసన మొక్క కొమ్మలు మూడు, విల్లో కొమ్మలు రెండు కలిపి కట్టి కుడి చేత్తో పట్టుకుంటారు. తెలుగు బైబిల్‌లో విల్లోను నిరవంజి చెట్టు అన్నారు. ఎడమ చేతిలో ఎత్రోగ్ అనే పండు ఉంటుంది. అదేదో కాదు.. మన మాదీఫలమే! సంస్కృతంలో మాతులుంగం. కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉండేది కూడా ఇదే పండు. నిమ్మజాతి చెట్లు పుట్టింది మన ఈశాన్య భారతం సహా హిమాలయాల పాదాల ప్రాంతంలోనే అని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అంటే యూదుల పండుగ పండుకు పుట్టిల్లు మనవైపే అన్నమాట.

ఎత్రోగ్ కొనడం పెళ్లికి నగలు కొన్నట్టే ఉంటుంది. మచ్చ లేకుండా, ఆకారం చక్కగా ఉండాలి. కొందరు భూతద్దం పెట్టి మరీ చూస్తారు. పండు కొసన చిన్న మొన ఉంటే అది విరగకూడదు. విరిగితే పూజకు పనికిరాదు. అందుకే మెత్తటి నారలో చుట్టి పెట్టెలో దాస్తారు. ఇటలీలోని కాలబ్రియా, మొరాకో, ఇజ్రాయెల్ తోటల నుంచి ఎక్కువగా వస్తాయి. పండుగయ్యాక కొందరు దానితో జామ్ చేసుకుంటారు.

ప్రార్థన చెప్పి ఈ కట్టను నాలుగు దిక్కులకూ, పైకీ, కిందికీ ఊపుతారు. దీనికి పెద్దలు చెప్పే అర్థం బావుంటుంది. ఎత్రోగ్‌కు రుచీ ఉంది, వాసనా ఉంది. ఖర్జూరానికి రుచే ఉంది. మిర్టిల్‌కు వాసనే ఉంది. విల్లోకు రెండూ లేవు. చదువూ మంచి పనులూ రెండూ ఉన్నవాళ్లు, ఏదో ఒకటే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు.. నాలుగు రకాల మనుషులూ ఒక్క కట్టలో ఉంటేనే ప్రార్థన చెల్లుతుంది. విల్లో లేకపోతే ఎంత ఖరీదైన ఎత్రోగ్ ఉన్నా లాభం లేదు.

వాన పడితే పరిస్థితి ఏంటి?

పైకప్పు కారుతుంది.. అంతే! కూరలో నీళ్లు పడి పాడయ్యేంత వాన వస్తే ఇంట్లోకి వెళ్లిపోవచ్చని ప్రాచీన యూదు ధర్మశాస్త్రం మిష్నా చెబుతుంది. ఇబ్బంది పడుతూ కూర్చోవాల్సిన పని లేదు. ఎందుకంటే ఇది సంతోషించాల్సిన పండుగ.

నిజానికి ఇజ్రాయెల్‌లో వేసవి అంతా వాన దాదాపు ఉండదు. వానాకాలం ఈ పండుగ తర్వాతే మొదలవుతుంది. అందుకే ఎనిమిదో రోజు వాన కోసం స్పెషల్ ప్రార్థన ఉంటుంది. పండుగ జరిగే ఏడు రోజులూ వద్దు, అయిపోగానే కురవాలి.. ఇదీ కోరిక. పండుగ మధ్యలో వచ్చే శనివారం చాలా సినగాగ్‌లలో 'ప్రసంగి' గ్రంథం చదువుతారు. సంపద, పేరు అన్నీ ఆవిరిలాంటివని చెప్పే పుస్తకం అది. కారే పైకప్పు కింద కూర్చున్న వారంలో వినడానికి కరెక్ట్ టాపిక్కే.

బాల్కనీలో పందిరి.. సుప్రీంకోర్టులో కేసు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్స్‌తో గొడవలు మనకు కొత్తేం కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో అలాంటి గొడవే చరిత్రకెక్కింది. ఒక ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో కొన్ని యూదు కుటుంబాలు బాల్కనీల్లో సుక్కా వేసుకున్నాయి. బాల్కనీల్లో కట్టడాలు రూల్స్‌కు విరుద్ధమని, బిల్డింగ్ లుక్ పాడవుతుందని అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది. కావాలంటే కింద గార్డెన్‌లో అందరికీ కలిపి ఒక పందిరి వేసుకోమంది. మా ఇంటి పందిరి మాకు కావాలని వాళ్లు పట్టుబట్టారు.

కింది కోర్టుల్లో ఓడిపోయారు. కానీ 2004లో కెనడా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో వాళ్ల వైపే తీర్పిచ్చింది. ఏడాదికి కొద్ది రోజులు ఉండే పందిరి వల్ల మిగతావాళ్లకు కలిగే ఇబ్బంది చాలా తక్కువని, ఒక మనిషి నిజాయితీగా నమ్మే ఆచారానికి రక్షణ ఉంటుందని చెప్పింది. అత్యవసర దారికి అడ్డం రాకుండా వేసుకుంటామని ఆ కుటుంబాలు ముందే ఒప్పుకున్నాయి. మత స్వేచ్ఛ కేసుల్లో ఈ తీర్పును ఇప్పటికీ ప్రస్తావిస్తారు.

సంతోషాల రోజే విషాదం

ఏడు రోజుల పందిరి అయిపోగానే వచ్చేది సిమ్‌హత్ తోరా. ఏడాది పొడవునా వారం వారం చదివిన ధర్మశాస్త్రం ఆ రోజు పూర్తవుతుంది. ఆఖరి అధ్యాయం చదివి, వెంటనే ఆదికాండం మొదటి నుంచి మళ్లీ మొదలుపెడతారు. గ్రంథపు చుట్టల్ని ఎత్తుకుని డ్యాన్సులు చేస్తారు.

2023 అక్టోబర్ 7, శనివారం.. హమాస్ దాడి జరిగింది సరిగ్గా ఆ ఉదయమే. ఇజ్రాయెల్‌లో దాదాపు 1200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా తీసుకెళ్లారు. ఆ తర్వాత రెండేళ్ల యుద్ధంలో గాజాలో 67 వేల మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క.

ప్రాణాలతో మిగిలిన చివరి 20 మంది బందీలు విడుదలైంది 2025 అక్టోబర్ 13న. యూదుల క్యాలెండర్ ప్రకారం అది సుక్కోత్ ఏడో రోజు. కాల్పుల విరమణ ఒప్పందంలో భాగంగా అదే రోజు ఇజ్రాయెల్ దాదాపు 2000 మంది పాలస్తీనా ఖైదీలను, నిర్బంధితులను వదిలిపెట్టింది. ఆ సాయంత్రమే సిమ్‌హత్ తోరా మొదలైంది. డ్యాన్సు చేయాల్సిన రోజే ఇప్పుడు చాలా కుటుంబాలకు వర్ధంతి కూడా. గోడలు గట్టిగా ఉంటే చాలు అనుకోకూడదని గుర్తుచేసే పండుగ, ఆ మాటను ఇంత కఠినంగా గుర్తుచేస్తుందని ఎవరూ అనుకోలేదు.

మన దేశంలో కూడా..

ఇండియాలో యూదులు వందల ఏళ్లుగా ఉన్నారు. కొచ్చిలోని మట్టాంచేరి పరదేశి సినగాగ్ 1568 నాటిది. కేరళ యూదులు కొబ్బరి మట్టలతో పందిరి వేసేవాళ్లు. సిమ్‌హత్ తోరా అక్కడ పెద్ద వేడుక. 1950లలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. కొచ్చిలో ఇప్పుడు మిగిలింది కొద్దిమందే. ముంబయిలో మాత్రం సినగాగ్‌ల ఆవరణలో ఇప్పటికీ పందిరి వేస్తారు.

మన తెలుగు నేల మీద కూడా యూదు ఆచారాలు పాటించే ఒక చిన్న సమూహం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉండే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు. ఇశ్రాయేలు గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వారసులమని వీళ్ల నమ్మకం. సొంత సినగాగ్ ఉంది. సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఇజ్రాయెల్ మాత్రం వీళ్లను అధికారికంగా గుర్తించలేదు.

మిమ్మల్ని పందిట్లోకి పిలిస్తే?

విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు యూదు కొలీగ్స్, పక్కింటివాళ్ల నుంచి పిలుపు రావడం మామూలే. వెళ్లే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి.

- 'హాగ్ సమేయహ్' అని పలకరించండి. పండుగ శుభాకాంక్షలు అని అర్థం.
- ఇంట్లో వండిన వంట తీసుకెళ్లొద్దు. వాళ్లకు కోషర్ నియమాలు ఉండొచ్చు. కోయని పండ్లు, పూలు బెటర్. ఏం తేవాలో ముందే అడిగినా తప్పేం లేదు.
- సంప్రదాయ కుటుంబమైతే మొదటి రోజుల్లో, శనివారం ఫోన్, కెమెరా వాడరు. సెల్ఫీ అడగొద్దు.
- రొట్టె తినే ముందు చేతులు కడుక్కుని, మొదటి ముద్ద తినేదాకా మాట్లాడరు. అది ఆచారం. మీ మీద కోపం కాదు.
- చలి దేశమైతే స్వెట్టర్ మర్చిపోవద్దు. పైకప్పు సంగతి తెలుసుగా!

2026లో ఎప్పుడు?

సెప్టెంబర్ 25, శుక్రవారం సాయంత్రం సుక్కోత్ మొదలవుతుంది. అక్టోబర్ 2 వరకు పందిరి పండుగ. ఇజ్రాయెల్‌లో అక్టోబర్ 3న సిమ్‌హత్ తోరా. ఈసారి మొదటి రోజు శనివారం పడింది కాబట్టి ఆ రోజు నాలుగు మొక్కల కట్ట పట్టుకోరు. ఆ ఆచారం ఆదివారం నుంచే.

ఎనిమిదో రోజు దాటాక మట్టలు దించేస్తారు, కర్రలు విప్పేస్తారు, కాగితపు గొలుసులు పెట్టెలోకి వెళ్లిపోతాయి. మళ్లీ గట్టి ఇంట్లోకి.. మళ్లీ తలుపులు, తాళాల మధ్యకి. వచ్చే ఏడాది యోమ్ కిప్పూర్ రాత్రి సుత్తి చప్పుడు వినబడే దాకా!